నేను ఉతకని చొక్కా

మా ఊరి నుంచి విశాఖపట్నం బస్సులో మూడు గంటల దారి. పద్దెనిమిదేళ్ళు మా ఆయన నెలకోసారి ఆ దారిన వచ్చి, రెండు మూడు రోజులుండి, మళ్ళీ ఆ దారినే వెళ్ళాడు. నేను ఒక్కసారీ వెళ్ళలేదు. ఆవు ఉంది, మంచాన పడ్డ అత్త ఉంది, కోతలున్నాయి అనుకుంటూ ఉండిపోయాను. అత్త పోయింది, ఆవును అమ్మేశాం, అయినా వెళ్ళలేదు. మొన్న మాఘమాసంలో వెళ్ళాను, ఆయన పోయాక. వెళ్ళనివాళ్ళ కోసం చెబుతున్నాను. నాకు పేరు రాయడం తప్ప చదువు రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. తప్పులుంటే దానివి, అబద్ధాలుంటే నావి.

ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. మా ఆయన సూరి ఉక్కు ఫ్యాక్టరీలో కంట్రాక్టు పని చేసేవాడు, బొగ్గు కాలే పొయ్యిల దగ్గర. ఆయన జేబులో ఎప్పుడూ ఒక కార్డు ఉండేది. పైన ప్లాస్టిక్ తొడుగు, లోపల ఆయన ఫొటో. దాన్ని పాస్ అంటారు. “ఇది లేకపోతే గేటు కాడే ఆపేత్తారే పైడీ. ఎంతటోడినైనా లోపలికి ఎల్లనివ్వరు” అనేవాడు. నిరుడు ఫాల్గుణంలో ఇంటికొచ్చినవాడు పొద్దున్నే గుండెలో నొప్పి అంటూ అరుగు మీద కూర్చుని మరి లేవలేదు.

మా వైపు చనిపోయిన మనిషికి కావలసినవి వెంట ఇచ్చి పంపుతాం. మా మామగారికి చుట్టలు పెట్టాం, అత్తకి వక్కల సంచి. ఆయనకి స్నానం చేయించి కొత్త పంచె కట్టాక, నేను పాస్ తీసి పంచె కొంగున ముడేశాను. ఏ గేటు దగ్గర ఎవరు ఆపుతారోనని. అది ఆయనతోనే కాలిపోయింది.

ఆయన ముఖం చక్కగా ఉన్న ఫొటో ఇంట్లో అదొక్కటేనని తర్వాత తెలిసింది. ఆధార్ కార్డులో ఉంది కానీ, అందులో ఆయన దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా ఉన్నాడు. ఏడాది తిథికి దండ వేయడానికి ఫొటో కావాలి. ఫ్యాక్టరీ కంప్యూటర్లో ఉంటుందని ఆయనతో పనిచేసిన దానియేలు ఫోన్లో చెప్పాడు. అందుకే బయలుదేరాను.

ఇంకో సంగతి కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. పాస్ మీది ఫొటోలో ఆయన ఒక తెల్లచొక్కా తొడుక్కున్నాడు. మా ఆయనకున్నవి నాలుగు చొక్కాలు. నాలుగూ ఉతికింది నేనే. ఆ తెల్లది ఒక్కసారీ ఇంటికి రాలేదు. మెడ దగ్గర గుండీ మాత్రం నల్లది. ఎవరో కుట్టారు. ఒకసారి అన్నం పెడుతూ అడిగేశాను. “ఆ సొక్కా ఎవత్తి కొన్నాది?”

ఆయన నవ్వాడు. “అది నా ఒక్కడిదేటే, అందరిదీని.”

నాకు ఒళ్ళు మండింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. మళ్ళీ నెల వచ్చినప్పుడు నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ రావడమే చివరి రావడం. ఆ ముల్లు నా గొంతులో అలాగే ఉండిపోయింది.

బస్సులో

ఆడవాళ్ళకి టికెట్ డబ్బుల్లేవిప్పుడు. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ చింపి ఇస్తారు. నా పక్కన చేతికర్రతో ఒక ముసలాయన కూర్చున్నాడు. కండక్టరు ఆయన్ని “పాసేది తాతా” అని అడిగాడు. తాత అన్ని జేబులూ వెతికి, చివరికి తలపాగాలోంచి తీశాడు. మా ఊళ్ళో పాస్ అన్న మాటతో రెండే పనులు. పిల్ల పది పాసయ్యిందా, భూమికి పాస్‌బుక్ ఉందా. మా ఇంట్లో చదువూ లేదు, భూమీ లేదు. ఆ మాట మా గడప తొక్కింది ఆయన జేబులోనే.

మద్దిలపాలెం

మద్దిలపాలెంలో దిగగానే నా చెప్పు తెగింది. ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో చెప్పు పట్టుకుని జనంలో నిలబడ్డాను. పల్లీల బుట్టవాడు “టైంపాస్, టైంపాస్” అని అరుస్తూ వస్తున్నాడు. పొట్లం పది రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకి దోసెడు పెడతారు, ఇక్కడ గుప్పెడు కూడా లేవు. టైంపాస్ అంటే ఏమిటని అడిగాను.

“ఊసుపోక తినీవి అప్పా. బస్సు వచ్చీదాకా.” మా వైపు అక్కని అప్పా అంటారు.

“నాకు ఊసు పోవక్కర్లేదు బాబూ, ఆకలేసి తీసుకున్నాను.”

“అయితే ఇడ్లీ తిను. అదిగో” అని వెళ్ళిపోయాడు.

దానియేలు భార్య మరియమ్మ వెతుక్కుంటూ వచ్చింది. నేను ఆమెను అంతకుముందు చూడలేదు. తెగిన చెప్పు చేత్తో పట్టుకున్న మనిషిని చూసి, “నువ్వే కదా సూరన్న పెళ్ళానివి. ఆయనకీ ఈ జంక్షన్లోనే చెప్పులు తెగీవి” అంది. చెప్పు కుట్టించేదాకా నా సంచీ ఆమే మోసింది. నా చెయ్యి పట్టుకుని సిటీ బస్సెక్కించింది.

కూర్మన్నపాలెం

వాళ్ళది ఫ్యాక్టరీకి దగ్గర్లో రెండు గదుల ఇల్లు. వాళ్ళు క్రైస్తవులు. ముద్ద ఎత్తే ముందు కళ్ళు మూసుకుంటారు. మా ఇంట్లో అయితే ముందు కాకికి పెడతాం. నేను కళ్ళు తెరుచుకునే కూర్చున్నాను. ప్రార్థనలో నా పేరు వినబడింది, తర్వాత ఆయన పేరు. అప్పుడు మూసుకున్నాను. గుడ్ల పులుసు, మెంతికూర పప్పు. మా పులుసులో బెల్లం ఎక్కువ, వాళ్ళు అసలు వెయ్యరు.

వాళ్ళమ్మాయి రూతు నర్సు చదువుతోంది. “అంకుల్ పాస్ అయిపోయారని డాడీ చెప్పినప్పుడు నాను హాస్టల్లో ఉన్నానత్తా” అంది.

నాకు అర్థం కాలేదు. “ఏ పరీచ్చమ్మా?”

మరియమ్మ కూతురి మోకాలి మీద ఒక దెబ్బ వేసింది. “సచ్చిపోనాడని సెప్పడానికి ఈళ్ళకి నోరు రాదు వదినా. ఆసుపత్రిలో అలా నేర్పుతారు.”

ఆ పిల్ల సిగ్గుపడి, నన్ను నవ్వించడానికి ఇంకోటి చెప్పింది. వార్డులో పొద్దున్నే మంచం మంచానికీ తిరిగి, ఒంటికి వెళ్ళారా అని అడగడానికి “పాస్ వచ్చిందా” అనాలట. ఒక ముసలాయన, “నాకేటి పాసమ్మా, నాను బడికే ఎల్లలేదు” అన్నాడట. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆయన పోయాక అదే మొదటిసారి అనుకుంటాను. నవ్వాక ఏదో తప్పు చేసినట్టు అనిపించి లేచి పళ్ళెం కడుక్కున్నాను.

గేటు

మర్నాడు శుక్రవారం. దానియేలు సెలవు పెట్టి నన్ను తీసుకెళ్ళాడు. మా ఆయన అతన్ని బామ్మర్దీ అనేవాడు, అతను ఈయన్ని బావా అనేవాడు. కులం వేరు, దేవుడు వేరు, కానీ ఫోన్లో అతని గొంతు వినగానే నాకు తమ్ముడే అనిపించింది. దారిలో ఉక్కునగరం చూపించాడు. వరసగా ఒకే రంగు ఇళ్ళు, చెట్ల నీడలు, ఊడ్చిన రోడ్లు. అవి కంపెనీ మనుషులవి, మనం కంట్రాక్టోళ్ళం, మన గేటు వేరు అన్నాడు. దూరంగా పొగగొట్టాలు కనిపించాయి. ఆయన చొక్కాలు ఉతికిన నీళ్ళు నల్లగా ఎందుకు పారేవో అక్కడ నిలబడితే తెలిసింది.

పాసులిచ్చే ఆఫీసు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. సెక్యూరిటీ అతను “ఇదేటి గుడేటమ్మా, తొడుక్కో” అన్నాడు. మా ఆయన పద్దెనిమిదేళ్ళు వచ్చిన గుమ్మం. కుట్టించిన చెప్పులతో తొక్కాలనిపించలేదు. వట్టికాళ్ళతోనే వెళ్ళాను.

కిటికీ అవతల ఒక కుర్ర గుమాస్తా ఉన్నాడు. మాట బట్టి గోదావరి వైపు మనిషి.

“చనిపోయినవాళ్ళ పాస్ సరెండర్ చెయ్యాలండమ్మా. అప్పుడు గానీ రికార్డు తియ్యలేమండి. ఏదండి పాసు?”

“ఆయన దగ్గరే ఉంది బాబూ.”

“ఆయన లేరన్నారు కదండీ.”

“లేడు. పట్టుకునే ఎల్లాడు.”

అతను దానియేలు వైపు చూశాడు. దానియేలు గొంతు తగ్గించి సంగతి చెప్పాడు. గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. తర్వాత ఒక కాగితం తీశాడు. “పోయినట్టు రాసేద్దామండి. ఇక్కడ రెండే గళ్ళున్నాయి, ఇచ్చేశారా, పోయిందా అని. పోయిందని సంతకం పెట్టారంటే ఫైలు సోమవారానికి పాసైపోద్ది.”

“పోలేదు బాబూ.”

“కాలిపోయింది కదండీ.”

“కాలింది. పోలేదు. నా సేత్తో ముడేసి ఇచ్చినాను. పోయిందని నాను సంతకమెట్టను.”

వెనక లైన్లో ఎవరో, “ఓలమ్మా, ఎట్టీయవే. డ్యూటీకి ఎల్లాల” అన్నారు. దానియేలు నా భుజం దగ్గరికి వంగాడు. “అప్పా, ఒక్క మాటే గదా.”

“ఒక్క మాటకే గదా తమ్ముడా, నాను ఆ మనిసితోటి రెండు రోజులు పలకలేదు.”

అది నోరు జారి వచ్చింది. అతనికి అర్థం కాలేదు. గుమాస్తా కాగితాన్ని మడిచి పక్కన పెట్టాడు. “ఇయ్యాళ ఆఫీసరు గారు లేరండి. సోమవారం రండి, అడిగి చూద్దాం” అన్నాడు. మంచివాడే. కానీ నేను బయటికొచ్చి చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, మొండితనంతో ఆయన ముఖాన్ని చేజార్చుకున్నానేమో అనుకున్నాను.

జాలరిపేట

శనివారం నన్ను ఊరికే కూర్చోనివ్వకూడదని మరియమ్మ చేపలకి జాలరిపేట తీసుకెళ్ళింది. అంత దూరం చేపలకి వెళ్ళడమేమిటంటే, సముద్రం చూడలేదు కదా, చూడు అంది. చూశాను. మా చెరువులో అలలు గట్టును నాకినట్టుంటాయి, ఇవి కొడతాయి. ఇసుక మీదికి పడవలు లాగి పెట్టారు. ఆడవాళ్ళు గంపలు ముందేసుకుని వరసగా కూర్చున్నారు. ఒకామె దగ్గర కానాగంత చేపలు బేరమాడాం. మరియమ్మ సగం ధరకి అడిగింది.

“ఆ ధరకి బొమ్మ సేపలొత్తాయి, ఎల్లి కొనుక్కో” అంది ఆమె. తర్వాత నా బోసి నుదురు చూసింది. “ఎప్పుడు?”

“ఏడాది కావత్తంది.”

“నాకు ఆరేళ్ళు. యాటకెల్లాడు, పడవొచ్చింది, ఆడు రానేదు.” మాట్లాడుతూనే చేప పొట్ట కోసింది. “ఫోటో ఉన్నాది. దండెయ్యమంటారు మా వోళ్ళు. మడిసిని సూడకుండా దండేలాగేత్తాను?”

నేను ఎందుకు వచ్చానో మరియమ్మ చెప్పింది. ఆమె నన్ను ఎగాదిగా చూసి, “కాల్చీసినావా? తింగరిదానా” అంది. అని, ఇంకో చేప మా సంచిలో పడేసింది. ఆ సంవత్సరమంతా నాకు చాలామంది ఓదార్పు చెప్పారు. తిట్టింది ఆమె ఒక్కతే. ఎందుకో గుండె కొంచెం తేలికపడింది.

మళ్ళీ గేటు

సోమవారం వెళ్ళేసరికి గుమాస్తా మమ్మల్ని చూసి లైన్లోంచి ముందుకి పిలిచాడు. “కింద రిమార్కుల గడి ఉందండి. ఉన్నదున్నట్టు అందులో రాయమన్నారు సారు” అని, తాను రాసింది చదివి వినిపించాడు. “‘సదరు పాస్‌ను భార్య తన చేతులతో భర్త వస్త్రమున కట్టి ఇచ్చినది. దేహముతో పాటు దహనమైనది.’ సరిపోయిందాండి?”

“మళ్ళీ సదువు బాబూ.”

మళ్ళీ చదివాడు. సరిపోయిందన్నాను. నా పేరు రెండక్షరాలు పెట్టడానికి కొంతసేపు పట్టింది.

“ముందు ఫొటో తీసుకుందామండి. తర్వాత రికార్డు కొట్టేస్తే ఇంక రాదు” అని కంప్యూటర్ని నా వైపు తిప్పాడు. సూర్యనారాయణ పేరుతో చాలామంది ఉన్నారట, అందుకని ఆయన కంట్రాక్టరు దగ్గరి మనుషుల్ని ఒక్కొక్కరినే చూపించుకుంటూ పోయాడు. మొదట దానియేలు వచ్చాడు. తెల్లచొక్కా. తర్వాత ఎవరో లావుపాటి మనిషి. తెల్లచొక్కా. తర్వాత బట్టతల ఆయన, తర్వాత మీసాలాయన.

“ఆపు బాబూ” అన్నాను. “ఎనక్కి ఎల్లు.”

వెనక్కి వెళ్ళాడు. అందరి మెడ దగ్గరా నల్ల గుండీ.

గుమాస్తా నవ్వాడు. “మాకూ తెలుసండి. ఏటా ఆ చొక్కాయే వస్తది. ఈయన మీద కొంచెం బిగుతు, ఆయన మీద కొంచెం వదులు.” అని ఇంకోటి నొక్కాడు. మా ఆయన వచ్చాడు. కాలర్లో మెడ సన్నగా ఉంది. నవ్వు ఆపుకుంటున్నట్టు పెదాలు బిగబట్టాడు. ఆ ముఖాన్నే నేను నెలనెలా జేబులోంచి తీసి, చొక్కా మీది కోపంతో చూసి, పక్కన పెట్టేదాన్ని.

“ఈయనేనాండి?”

తలూపాను.

టీ కొట్టు

గేటు బయట టీ కొట్టు బల్ల మీద కూర్చుని దానియేలును అడిగాను. అతను ముందు నవ్వాడు, నా ముఖం చూసి నవ్వు మానేశాడు.

“మొదటేడు అప్పా. ఎనమండుగురం రాత్రి డ్యూటీ దిగి వచ్చినాం, బొగ్గు ముద్దల్లాగ. ఫోటోవోడు తెల్ల కాలరు లేపోతే తియ్యనన్నాడు. అందరం కలిసి గాజువాకలో ఒక్క సొక్కా కొన్నాం. పరదా ఎనక ఒకడు ఇప్పడం, ఇంకొకడికి పాస్ సెయ్యడం, ఆడు తొడగడం. అప్పట్నించి ఏటా అదే. ఒకేడు పై గుండీ ఊడిపోతే, బావే తన పనికోటు గుండీ కోసి కుట్టినాడు. కుట్టడం రాదు. రెండుసార్లు ఏలు పొడుసుకున్నాడు.”

బస్సులో, బజారులో, రూతు నోట, ఆఫీసులో ఐదు రోజులుగా వింటున్న పాస్ అన్న మాట కూడా ఆ చొక్కాలాంటిదే అనిపించింది. ఒకటే గుడ్డ, ఎవరు తొడుక్కుంటే వాళ్ళ ఒంటికి ఒక తీరు. మా ఆయన చెప్పింది నిజమే. అందరిదీని.

“మరి నాకెందుకు సెప్పనేదు?”

దానియేలు టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. “మొదట సిగ్గు. తరవాత నువ్వు కోపం సేసుకున్నావని సెప్పినాడు. మా అందరికీ సెప్పి తెగ నవ్వినాడు అప్పా. ‘సెప్పేత్తే ఏటుంటది, ఈ ఎండాకాలం పైడిని ఇక్కడికి తీసుకొత్తాను, ఎనమండుగురూ వరసగా నిలబడి పాసులు సూపించండి, అప్పుడు దాని మొఖం సూడాల’ అన్నాడు. మేమూ సరే అన్నాం. సూత్తా ఉన్నాం.”

నేనే ఒకసారి వచ్చి ఉంటే సరిపోయేది. మూడు గంటల దారి.

మళ్ళీ మద్దిలపాలెం

గుమాస్తా ఇచ్చిన ఫొటో బొటనవేలంత ఉంది. పెద్దది చేయించడానికి మద్దిలపాలెం వెళ్ళాం. స్టూడియో అతను చూసి, “కోటు వేసెయ్యమంటారామ్మా? ఇప్పుడందరూ అలాగే వేయిస్తన్నారు. వెనకాల పూలతోట పెడతాను. ఆ గుండీ కూడా తెల్లగా మార్చేస్తాను, తేడాగా ఉంది” అన్నాడు.

“ఏటీ మార్చొద్దు బాబూ. కోటొద్దు.”

“మెడ దగ్గర మరీ వదులుగా ఉందమ్మా.”

“ఆ ఒదులు ఆయనదే. ఉండనీ.”

కుళాయి

ఇంటికొచ్చాక మరియమ్మ పెట్టె తీసింది. అడుగున, తన పెళ్ళి చీర పక్కన ఆ చొక్కా ఉంది. కలరా ఉండల వాసన. నల్ల గుండీ వేలితో తడిమాను. కింద దారం ముడి కందిగింజంత ఉంది. ఊడిపోతుందేమోనని ముడి మీద ముడి వేసుకుంటూ పోయాడు. ఇంటి దగ్గరా అంతే, బియ్యం మూట కట్టినా నేను విప్పలేకపోయేదాన్ని.

“పట్టుకెల్లిపో వదినా” అంది మరియమ్మ.

“వచ్చీ నెల పాసులు మారుత్తారు కదా. ఈళ్ళకి కావాల.”

“ఐదుగురే మిగిలారు. ఇంకోటి కొనుక్కుంటారులే.”

“ఐదుగురికైనా కావాల గదా. సబ్బియ్యి.”

పెరట్లో కుళాయి కింద కూర్చుని తడిపాను. శుభ్రంగానే ఉంది, అయినా సబ్బు పెట్టాను. కాలరు లోపలి వైపు పసుపుపచ్చ చారలున్నాయి, ఎనిమిది మెడల చెమట. అందులో ఆయనది ఏదో తెలియలేదు. కాలరంతా రుద్దాను. తీగ మీద వేయబోతే మరియమ్మ ఆపింది. ఫ్యాక్టరీ గాలికి బయట ఆరేస్తే మళ్ళీ నల్లబడుతుంది, ఇక్కడ తెల్లబట్టలు ఇంట్లోనే ఆరబెడతామంది. గదిలో తాడు కట్టి ఫ్యాను వేసింది. చేతులు చాపుకుని అది అటూ ఇటూ ఊగుతుంటే కింద చాప వేసుకుని కూర్చున్నాను. ఆరేదాకా లేవలేదు. ఆరాక మడిచి, నల్ల గుండీ పైకి వచ్చేలా పెట్టెలో పెట్టి, మర్నాడు పొద్దున్న బస్సెక్కాను.

మా ఆయన చొక్కాలన్నీ నేనే ఉతికాను.